కందెన నుండి కాలిపర్ వరకు: చక్రం పట్టివేతపై ఒక చారిత్రక పరిశీలన
(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నేపథ్యంలో)

వ్యాస సంగ్రహం:
ఎద్దుల బండి ఇరుసు ఎండి చక్రం బిగుసుకుపోయినా, కారు బ్రేకు కాలిపర్ విడవక చక్రం బిగుసుకుపోయినా తెలుగువారి వాడుకలో ‘పట్టేయడం’ అనే మాటే వినిపిస్తుంది. మాట ఒకటే అయినా కారణాలు వేరు, చికిత్సలూ వేరు. ఈ భేదం చారిత్రకంగా ఎలా ఏర్పడిందో, దానిని గుర్తించకపోతే కలిగే ప్రమాదమేమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: కందెన, ఇరుసు, ద్రవపీడన బ్రేకు, కాలిపర్, మెట్ట ప్రాంతం, వెలిగొండలు.

1. ఉపోద్ఘాతం
నెల్లూరు జిల్లా పడమటి భాగం మెట్ట ప్రాంతం. ఉదయగిరి వెలిగొండల అంచున ఉన్న దుర్గపట్టణం. గజపతుల ఏలుబడిలోని ఈ దుర్గాన్ని 1514లో శ్రీకృష్ణదేవరాయలు వశపరచుకున్నాడు. ఆత్మకూరు నెల్లూరు నుండి బద్వేలుకు పోయే దారిలో ఉంది. ఆ దారి పడమట వెలిగొండలను దాటుతుంది. దుమ్ము, ఎండ, ఏటవాలు దారులు చక్రాన్నీ బ్రేకునూ పరీక్షించే మూడు స్థితులు. ఈ నేలమీద బండికీ కారుకూ ఈ పరీక్ష తప్పదు.

2. కందెన కాలం
బండి చక్రంలో ఇరుసుకూ నడిమి కుండకూ మధ్య రాపిడి నిత్యం ఉంటుంది. దానిని తగ్గించడానికి ఆముదంలో మసి కలిపి పూసేవారు. అదే కందెన. కందెన ఎండితే చక్రం మొదట కీచుమంటుంది, తరువాత వేడెక్కుతుంది, చివరకు పట్టేస్తుంది. అంటే ఇక్కడ రోగానికి మూలం పొడిదనం, మందు జిడ్డు. తరతరాల ఈ అనుభవం నుండి, బిగిసినదానికి జిడ్డు రాయాలనే సూత్రం వృత్తి జ్ఞానంలో స్థిరపడింది.

3. ద్రవపీడన బ్రేకు: ఆముదపు పునఃప్రవేశం
డిస్కు బ్రేకు ఆలోచన పాతది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు కీచుమనేవి, ఆనాటి దుమ్ము దారులలో త్వరగా అరిగిపోయేవి. నాలుగు చక్రాలకూ ద్రవపీడన బ్రేకులు 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో, 1924లో క్రైస్లర్‌లో వచ్చాయి. 1953లో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు ల మాన్ పందెం గెలవడంతో ఈ పద్ధతికి ప్రతిష్ఠ కలిగింది. 1955 నాటి సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకూ డిస్కులే అమర్చారు. మన దేశంలో తొలినాటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు డ్రమ్ము బ్రేకులతో నడిచాయి. తరువాత చిన్న కార్లలో ముందు డిస్కు, వెనుక డ్రమ్ము అమరిక సాధారణమైంది.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. తొలినాటి బ్రేకు ద్రవాలలో ఆముదాన్ని ఆల్కహాలుతో కలిపి వాడేవారు. ఖనిజ తైలం సహజ రబ్బరును ఉబ్బిస్తుంది, ఆముదానికి ఆ దోషం లేదు. ఇరుసుకు జారుడునిచ్చిన నూనె బ్రేకులో రబ్బరుకు హాని చేయని ద్రవంగా తిరిగి వచ్చింది. నూనెలోని జిడ్డుకు తోడు రబ్బరుతో దాని పొత్తు కూడా ముఖ్యమైనది ఈ దశలోనే.

4. కాలిపర్ పట్టివేతకు కారణాలు
పెడలు తొక్కినప్పుడు ద్రవం పిస్టన్‌ను నెడుతుంది, ప్యాడ్లు డిస్కును రెండు వైపులా అదుముతాయి. పెడలు విడిచినప్పుడు పిస్టన్‌ను వెనక్కు లాగడానికి స్ప్రింగు ఉండదు. పిస్టన్‌తో పాటు వంగిన రబ్బరు సీలు తన పూర్వరూపానికి వస్తూ దానిని అతి స్వల్పంగా వెనక్కు తెస్తుంది. ఆ స్వల్ప చలనమే విడుదల. పై బూటు చిరిగి నీరు, దుమ్ము చేరినా, పిస్టన్ తుప్పు పట్టినా, కాలిపర్ జారే పిన్నులు ఎండినా, గొట్టం లోపల ఉబ్బి ద్రవాన్ని తిరిగి పోనీయకపోయినా ఆ విడుదల జరగదు.

5. నిర్ధారణ క్రమం
కారు ఒక పక్కకు లాగడం, ఒక చక్రం మాత్రమే విపరీతంగా వేడెక్కడం, కాలిన వాసన, మైలేజీ తగ్గడం ప్రధాన లక్షణాలు. నిర్ధారణ మినహాయింపు పద్ధతిలో సాగుతుంది. సమతల నేలపై మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో పాటు స్టాండుమీద కారును నిలిపి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. బిగువుగా ఉంటే బ్లీడర్ నట్టును కొద్దిగా వదులు చేయాలి. ద్రవం చిమ్మి చక్రం వదులైతే లోపల పీడనం చిక్కుకున్నదని అర్థం. అప్పుడు ఆ చక్రపు గొట్టాన్ని అనుమానించాలి. రెండు ముందు చక్రాలూ పట్టేస్తుంటే మాస్టర్ సిలిండరునూ, పెడలు ఖాళీనీ చూడాలి. నట్టు వదిలినా చక్రం వదలకపోతే దోషం పిస్టన్‌లో గాని పిన్నులలో గాని ఉంటుంది. కాలిపర్ తీసినా చక్రం బిగువుగానే ఉంటే బేరింగును పరీక్షించాలి.

6. మరమ్మతు, పాత సూత్రం చేసే హాని
బూటు, సీలు కొత్తవి వేయాలి. గుంటలు పడిన పిస్టన్‌ను మార్చాలి. పిన్నులకు సిలికాన్ బ్రేకు గ్రీజు మాత్రమే రాయాలి. కాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయక తీగతో కట్టాలి. ప్యాడ్లు రెండు పక్కలా జతగా మార్చాలి. చివర గాలి తీసి, కారు కదిలించే ముందు పెడలు గట్టిపడేదాకా తొక్కాలి.

కందెన కాలపు సూత్రం ప్రమాదకరమయ్యేది ఇక్కడే. పిన్ను బిగిసిందని మామూలు బేరింగు గ్రీజు రాస్తే కొంతకాలం సులువుగా జారుతుంది, తరువాత రబ్బరు ఉబ్బి మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. దీనికి తోడు గ్లైకాల్ ఆధారిత బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 ద్రవానికి నిర్దేశించిన కనీస మరుగుస్థానం కొత్తదైతే 205, తేమ చేరితే 140 డిగ్రీల సెల్సియస్. విడవని ప్యాడ్డు రాపిడికి ఘాటు దిగేటప్పటి వేడి తోడైతే ద్రవం మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడలు నేలకు దిగుతుంది గాని కారు ఆగదు.

7. ముగింపు
చక్రం పట్టివేతకు కారణం ఇరుసు యుగంలో పొడిదనం, కాలిపర్ యుగంలో ప్రధానంగా రబ్బరు, ద్రవం, తుప్పు. పాత మాట కొత్త వస్తువును అందుకోవడం భాషకు బలమే. అయితే మాటతో పాటు పాత చికిత్స కూడా ప్రశ్న లేకుండా రావడం ప్రాణాంతకం కావచ్చు. బండి పరిభాషను సేకరించినంత శ్రద్ధతో మోటారు వృత్తి పరిభాషను కూడా, దాని వెనుక ఉన్న కార్యకారణ వివరణతో సహా, తెలుగులో నమోదు చేయవలసిన అవసరం ఉంది.