రివర్స్ ప్రాక్సీ
పాఠకుడికీ అసలు వెబ్ సర్వర్‌కూ నడుమ నిలిచి, అభ్యర్థనను తానే అందుకొని లోపలి సర్వర్‌కు చేరవేసి, జవాబును తెచ్చి ఇచ్చే సర్వర్‌ను రివర్స్ ప్రాక్సీ అంటారు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఫోన్‌లో తెలుగు వికీపీడియా తెరిచిన పాఠకుడికి సాధారణంగా మొదట బదులిచ్చేది 2018 నుంచి సింగపూర్‌లో పనిచేస్తున్న ఇటువంటి సర్వర్లే. అక్కడ దాచి ఉంచిన ప్రతి, అంటే క్యాష్, లేనప్పుడే అభ్యర్థన అమెరికాలోని ప్రధాన సర్వర్ల దాకా వెళ్తుంది.

రివర్స్ ప్రాక్సీగా వాడే, 2004లో విడుదలైన ఎంజిన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘ప్రాక్సీ పాస్’ అనే ఆదేశం లోపలి సర్వర్ చిరునామాను తెలుపుతుంది. దాని చివర ఒక్క ఏటవాలు గీత చేరినా లోపలికి వెళ్లే దారి మారిపోవచ్చు కనుక, ‘పేజీ దొరకలేదు’ అని తెలిపే 404 కోడ్ అనుకోకుండా కనిపిస్తే ముందుగా పరిశీలించవలసింది ఆ గీతనే. 502 అంటే లోపలి సర్వర్ ఆగిపోయిందని గానీ చెల్లని జవాబిచ్చిందని గానీ, 504 అంటే గడువులోగా, మార్చకపోతే 60 సెకన్లలో, అది పలకలేదని గ్రహించాలి. ఏది ఎదురైనా సర్వర్‌ను ఊరికే ఆపి మళ్లీ నడపడం కంటే ఎర్రర్ లాగ్ చివరి వరుసలు చదవడమే సరైన పద్ధతి.