బోరు మారిన తుపాకి: మన కొలిమిచరిత్రమున నొక యధ్యాయము

ఈ యేటి మహాసభ మాదాపురమునందు సమావేశమగుచున్న సందర్భమున, మన వృత్తిచరిత్రమునుండి యొక వ్యాసమును వ్రాసి పంపవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరియున్నారు. మేము పండితులము గాము. కొలిమి ప్రక్కను పుట్టి, లేతుయంత్రము ప్రక్కను తల నెరసినవారము. అయినను పెద్దల యాజ్ఞ మీఱరానిది గనుక, గతసంవత్సరము మాకు తటస్థించిన యొక ప్రశ్నను పట్టుకొని యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

మన సంఘపోషకులలో నొకరు తమ పాతయింటి యినుపపెట్టెలో దొరకిన రివాల్వరును గూర్చి మాతో ప్రస్తావించిరి. అది వారి తాతగారిదట, వెబ్లీ కంపెనీవారి.455 బోరు ఆయుధము. సిలిండరునందలి యాఱు గదులలో నొకటి బీటవాఱినది. నాళము లోపల త్రుప్పు గుంటలు పెట్టినది. "అయ్యా, పాడైన సిలిండరును నాళమును తీసివేసి, .32 బోరునకు మార్పించి, లైసెన్సు తీసికొని, తాతగారి జ్ఞాపకముగా నింట నుంచుకొనరాదా? ఆపాటి పనివారు మనవారిలో లేరా?" అని వారడిగిరి. పనివారు లేరా యను మాట మా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. వారికి వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ బదులు చరిత్రమునుండి వెదకి తీయవలసివచ్చినది.

బోరనగా నాళపు లోపలి వెడల్పు. అంగుళమును వేయి భాగములు చేసినచో నందు 455 భాగముల వెడల్పు గలది .455 బోరు; అది పదునొకండున్నర మిల్లీమీటర్లు. .32 బోరు ఎనిమిది మిల్లీమీటర్లకు దరిదాపు. వేటతుపాకుల లెక్క వేఱు. ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు పట్టునంత వెడల్పు గల నాళమునకు పండ్రెండవ నెంబరని పేరు. ఈ రెండవ లెక్క కొలిమివాని లెక్కయని మా యభిప్రాయము. కొలబద్ద లేకున్నను త్రాసు చాలును.

వత్తితుపాకులును, చెకుముకి తుపాకులును, తెలంగాణపు పల్లెలలో బర్మారులని పిలువబడునవియు వాడుకలో నున్న కాలమున బోరు మార్చుట యొక సమస్యయే కాదు. నాళము త్రుప్పుచేతనో వాడుకచేతనో చెడినచో, కమ్మరి లోపల తొలిచి నునుపు చేయును. బోరు కొంచెము పెద్దదగును. దానికి సరిపడు గుండ్లమూసను క్రొత్తగా చేసియిచ్చును, అంతతో సరి. ఏ తుపాకి గుండు ఆ తుపాకిదే. నాళము కమ్మరిది, దిమ్మ వడ్రంగిది, ఇత్తడిబిళ్లలు కంచరివానివి, వెండిపని కంసాలిది. ఒక్క తుపాకియందు మన వృత్తులన్నియు చేరియుండెడివి.

ఆ పని యెట్టి నేలమీద పెరిగినదో తెలియవలెనన్న కోనసముద్రమునకు పోవలెను. నేటి నిజామాబాదు జిల్లాలోని యా గ్రామమున మన పూర్వులు మూసిన మూసలలో నినుమును కాచి ఉక్కు తీసెడివారు. త్రికోణమితి సర్వే వెంట వచ్చిన వైద్యుడు వాయిసీ 1820 ప్రాంతముల దానిని కన్నులార చూచి వ్రాసిన వివరణము, అతడు గతించిన పిమ్మట 1832లో బంగాళా ఆసియాటికు సంఘపు పత్రికలో వెలువడినది. పారసీక వర్తకు లా యుక్కును కొనుటకై యింతదూరము వచ్చి, పని జరుగుచుండగా దగ్గఱ నిలిచి చూచుకొనెడివారు. ఐరోపావారు దానికి పెట్టిన "వూట్జు" అను పేరు మన "ఉక్కు" మాటకే వికృతియని పలువురు పండితుల మతము. 2010లో బెంగుళూరునందలి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలిసి యుత్తర తెలంగాణమంతయు తిరిగి యీ పాత కొలుముల జాడలను గుర్తించిరి. అయితే మనవారిలో కొందఱు ఉత్సాహముచేత తుపాకినాళములుగూడ నా యుక్కుతోనే చేసిరని వ్రాయుచున్నారు. అది సరిగాదు. ఉక్కు కత్తులకు పేరుపడినది. నాళమునకు సాగు గుణముగల మెత్తని యినుమే ప్రధానము. పెళుసైనది మందు పేలినపుడు పగులును. ఏది దేనికి పనికివచ్చునో తెలియుటయే మనవారి విద్య.

హైదరాబాదునందే గన్‌ఫౌండ్రీ యను పేట గలదు. దానిని తోప్‌కా సాంచా యని పాతబస్తీవారందురు. నిజాముగారి కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 1795లో నచ్చట ఫిరంగులు పోతపోయు కర్మాగారమును స్థాపించెను. 1798 మార్చిలో నతడు మరణించెను. ఆ యక్టోబరులోనే యింగ్లీషువా రతని సేనను నిరాయుధముగావించి చెదరగొట్టిరి. మూసారాంబాగునకు పేరైతే యాతనివలన నిలిచినది. కొలిమి చల్లాఱినది.

ఇంతవఱకును బోరు కమ్మరి చేతిలోనిది. తూటా వచ్చినతోడనే యది చేయి జాఱినది. మందును, గుండును, నిప్పుబిళ్లను ఒక్క లోహపుగొట్టమునందే యిమిడ్చిన తూటా యెచ్చటనో దూరదేశపు కర్మాగారమున లక్షలకొలదిగా తయారగును. దాని కొలత యెంతో నాళపు కొలతయు నంతయే కావలెను. 1866లో ఇంగ్లీషుదొరలు తమ పాత ఎన్‌ఫీల్డు తుపాకులను పాఱవేయక, వెనుకభాగమును కోసి, అమెరికావాడైన జేకబు స్నైడరు కనిపెట్టిన తలుపును బిగించి, తూటాతుపాకులుగా మార్చుకొనిరి. .303 బోరు వచ్చిన తరువాత పాత మార్టీనీలకు క్రొత్త నాళములు బిగించిరి. పాతదానిని మార్చి వాడుకొనుట మనకే గాదు, మహాసామ్రాజ్యములకును తప్పలేదన్నమాట. కాని యా పని వారి కర్మాగారములలో, వారి కొలతలకు జరిగినది.

రివాల్వరు విషయము మఱింత సూక్ష్మము. అందు నాళ మొక్కటియే గాక, తూటాలు కూర్చుండు సిలిండరు గూడ గలదు. ప్రతి గదియు వంతువచ్చినపుడు నాళమునకు సూటిగా నిలువవలెను. వెండ్రుకవాసి తప్పినను గుండు నాళపుటంచును కొట్టును. అంతకన్న ముఖ్యమైనది పేలుడు పీడనము. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో వేలకొలది పాత వెబ్లీలను .45 బోరు పిస్తోలుతూటాకు సవరించి యమ్మిరి. ఆ తూటా పీడనము, వెబ్లీని పరీక్షించునపుడు పేల్చు ప్రత్యేకపు తూటా పీడనముతో దాదాపు సమానము. గట్టి సిలిండరుకే యట్టి ప్రమాదమున్నపుడు బీటవాఱినదాని మాట చెప్పవలెనా?

ఇక రాజశాసనముల సంగతి. మన పోషకుల ప్రశ్నకు ముడి యిచ్చటనే యున్నది. 1857 తిరుగుబాటును దొరతనమువా రెన్నడును మఱవలేదు. సైన్యపు తూటా ప్రజల తుపాకిలో దూరరాదని వారి పట్టుదల. 1907 ప్రాంతమున .450 బోరు రైఫిళ్ల దిగుమతిని హిందూదేశమున నిషేధించిరి. వెంటనే లండనులోని తుపాకి కంపెనీలవారు .465 అనియు .470 అనియు క్రొత్త బోరులు సృష్టించి యేనుగులవేటగాండ్రకు విక్రయించిరి! కొన్ని వెయ్యోవంతుల తేడాతో చట్టమును దాటిరి. దొరలకు వేట నిలువలేదు.

పిమ్మట బంగాళములోని ఈషాపూరు కర్మాగారమున, .303 సైనికపు రైఫిలునే .410 బోరుగల నునుపునాళపు మస్కెటుగా మార్చి పోలీసులకును కాపలావారికిని ఇచ్చిరి. అది యెవరిచేతనైన చిక్కినను అందు సైన్యపు తూటా పనిచేయదు. బోరు మార్చుటకు భయమే కారణమైన యుదాహరణము మన దేశముననే యిట్లు గలదు. ఆ మస్కెట్లు స్వాతంత్ర్యానంతరము గూడ చిరకాలము పోలీసుఠాణాలలో నుండెను.

స్వతంత్రభారతపు 1959 ఆయుధచట్టమును, 1962 నిబంధనలును ఆ గీతను చెఱిపివేయలేదు. .455, .380 తూటాలు పట్టు రివాల్వర్లును, .410 మస్కెట్లును నిషిద్ధపు బోరులలో చేర్పబడినవి. .32 మాత్రము సామాన్యునకు లైసెన్సుపై దొరకును. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారము దానిని తయారుచేసినది. మన పోషకు లడిగిన మార్పులోని కిటుకు ఇదియే: .455ను .32గా మార్చిన నిషిద్ధము అనిషిద్ధమగునని వారి యూహ. కాని ఆ చట్టపు అయిదవ సెక్షను తుపాకిని చేయుటకే గాక, మార్చుటకును, బాగుచేయుటకును గూడ లైసెన్సు కావలెననుచున్నది. అది లేక చేసినవానికి, 2019 సవరణము తరువాత, ఏడేండ్లకు తక్కువగాని కారాగారము. అది యావజ్జీవమువఱకును పోవచ్చును. ఆ శిక్ష పడునది ముందుగా పనిచేసిన చేతికి.

కనుక మేము వారి కిట్లు చెప్పితిమి: "అయ్యా, పనివారు లేకపోలేదు. మాదాపురమునుండి రెండుగంటల ప్రయాణము చేయకుండగనే వెయ్యోవంతు అంగుళమును కన్ను మూసికొని తీయగల మన కుఱ్ఱలను పదిమందిని చూపగలము. వారిలో నొకనినైన మీ తాతగారి జ్ఞాపకమునకై జైలునకు పంపుట మా కిష్టము లేదు. అది లైసెన్సు లేకుండ మీ యింట నుండుటయే నేరము. వకీలును వెంటబెట్టుకొని పోలీసుఠాణాలో నప్పగింపుడు."

వారికి కొంత కోపము వచ్చినది. కొన్నిదినములు మాతో మాటలాడలేదు. పిదప నొకనాడు ఉదయమున తామే ఫోనుచేసి, అప్పగించి రసీదు పుచ్చుకొంటిమని చెప్పిరి. రివాల్వరు నుండిన తోలుసంచిని మాత్రము పోలీసువారు తిరిగి యిచ్చిరట. దానిపై తాతగారి పేరు సూదితో కుట్టియున్నది. దానిని వారు దేవునిగదిలోని బీరువాలో నుంచుకొన్నారు.