గుర్రం మెడ వంగాలి కదా!

మా భాంజా కంప్యూటర్లో ఓ ఫ్యాంటసీ గుర్రానికి కవచం చేస్తున్నాడు. ఎలా కావాలంటే అలా నిలబెట్టుకునే త్రీడీ బొమ్మ. నిలబడితే ఖూబ్‌సూరత్‌గా ఉంది. మెడ వంచగానే రేకులోంచి చర్మం బయటికొచ్చింది. వాడు నమూనాగా పెట్టుకున్నవన్నీ ఫిరంగీ నైట్ల గుర్రాలే. వాళ్లూ మెడకు ఒకదానిపై ఒకటి జారే పట్టీలు వేసేవారు, అదీ హునరే.

మన ఉస్తాదుల తరీఖా వేరు. 15, 16 శతాబ్దాల మమ్లూక్, ఇరానీ, ఉస్మానీ ఫౌజుల్లో గుర్రపు కవచం పేరు బర్గుస్తువాన్. చిన్న చిన్న ఉక్కు పలకలు, వాటి మధ్య ఇనుప కడియాల అల్లిక. పలక దెబ్బ కాస్తుంది, కడియాలు కదలనిస్తాయి. సూరా సబాలో హజ్రత్ దావూద్ అలైహిస్సలాంకు కవచం కడియాలను సరైన కొలతతో అల్లమని వచ్చిన హుకుం గుర్తుందా? ఆ కొలతే ఇక్కడ అసలు ఇల్మ్.

నుదురు వంగదు గనక దానికి మాత్రం గట్టి రేకు. ఉస్మానీలు దాన్ని రాగితో చేసి బంగారు పూత కూడా పూసేవారు. దాన్ని తోంబాక్ అంటారు. అది జంగ్ కంటే జులూస్ షాన్ కోసమేనని నా ఖయాల్.

ఇస్తాంబుల్‌లోని హాగియా ఇరీన్ చర్చి వాళ్ల సిలాహ్‌ఖానా. ఆ ముద్రతో ఉన్న కవచాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా చేరాయి. ఫోటోలు నెట్‌లో ఉచితం, పిల్లలకు చూపించండి.