పైష్టియా, గౌడియా? — విస్కీ పుట్టుపూర్వోత్తరములు

మద్యమును గూర్చిన వ్యాసమనగానే ఈ సంచిక చదువరులలో పెద్దలు కొందరు నొసలు చిట్లింపవచ్చును. నిన్ర నారాయణ పెరుమాళ్ కొలువైయున్న తిరుత్తంగల్ దివ్యదేశమున కూర్చుండి వ్రాయదగిన విషయమా ఇది యని అడుగవచ్చును. కాని మన తెలుగువారి పెండ్లిండ్లలో, భోజనములైన పిమ్మట మగవారు చేరిన గదిలో ఏ చర్చ ఎక్కువగా సాగుచున్నదో అందరమును ఎరుగుదుము. అమెరికానుండి సెలవులకు వచ్చిన మేనల్లుడు బూర్బనే మేలనును. సింగపూరు బావగారు స్కాచికి సాటి లేదనును. కోవిల్‌పట్టి చిన్నాన్నగారు మన దేశపు సరుకే మన ఒంటికి సరిపడుననును. ముగ్గురును పేర్లను గూర్చి వాదింతురే కాని, గ్లాసులోని వస్తువు దేనితో తయారైనదని ఒక్కరును అడుగరు. ఆ ప్రశ్నకు చరిత్ర ఇచ్చు జవాబును చదువరుల ముందుంచుటయే మా ఉద్దేశము. త్రాగుడును పొగడుట మా పని కాదు.

మన పూర్వులు ఈ ప్రశ్నను ముందే అడిగియున్నారు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయము సురను మూడు విధములుగా విభజించినది. బెల్లముతో చేసినది గౌడి. ధాన్యపు పిండితో చేసినది పైష్టి. ఇప్పపూవుతో గాని తేనెతో గాని చేసినది మాధ్వి. నిషేధించుటకైనను ముందు వస్తువును గుర్తింపవలెను గదా! కౌటిల్యుని అర్థశాస్త్రములో సురాధ్యక్షుడను ఉద్యోగికి ఒక ప్రకరణమే కేటాయింపబడినది. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు రకములు చెప్పి, వేనిలో ఏయే పదార్థములు పడవలెనో కౌటిల్యుడు వివరించెను. ఆనాటి మద్యములు ఎక్కువగా పులియబెట్టినవి. నేటి విస్కీ పులియబెట్టిన పిమ్మట బట్టీలో కాచి దించినది. అయినను మూలపదార్థమును బట్టి పేరు పెట్టుట యను పద్ధతి నేటికిని చెల్లును. ఆ కొలబద్దతోనే విస్కీని కొలిచి చూతము.

విస్కీ యను మాట స్కాట్లండు, ఐర్లండుల గేలిక్ భాషనుండి వచ్చినది. దాని మూలార్థము ‘జీవజలము’. స్కాట్లండు రాజుగారి ఖజానా లెక్కలలో 1494వ సంవత్సరమున జాన్ కార్ అను సన్యాసికి జీవజలము చేయుటకై ఎనిమిది బోళ్ల మాల్టు ఇచ్చినట్లు పద్దు గలదు. మాల్టు అనగా నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టిన బార్లీ. బిడ్డలకు మనవారు మొలకెత్తించిన రాగులతో జావపిండి చేయుట వంటిదే ఈ పని. మొలకలో ధాన్యము తీపెక్కును. స్కాట్లండు పడమటి దీవులలో ఆ మొలకలను పీట్ అనెడు చిత్తడినేలల ఎండుమట్టి పొగపై ఆరబెట్టుదురు. అక్కడి సరుకులో పొగవాసన కొట్టుటకు అదియే కారణము. ఐర్లండువారు చాలవరకు పొగ లేకుండ, మూడు మారులు కాచి దించుదురు. అందుచే అది గొంతు దిగుట మృదువుగా నుండునని త్రాగువారందురు.

1830లో ఈనియస్ కాఫీ అను ఐరిష్ ఎక్సైజు అధికారి ఎడతెగక నడచు క్రొత్త బట్టీకి పేటెంటు పొందెను. దానితో మొక్కజొన్న, గోధుమ మొదలగు చవుక ధాన్యములనుండి తేలికయైన సారము అపారముగా తీయ వీలయ్యెను. స్కాట్లండు వర్తకులు దానిని మాల్టు విస్కీతో కలిపి అమ్మి లోకమంతట వ్యాపించిరి. అప్పుడు తగవు పుట్టినది. ఈ కలగలుపునకు విస్కీ యను పేరు చెల్లునా? 1905లో లండనులోని ఇస్లింగ్టన్ పురపాలకులు అమ్మకందారులపై దావా తెచ్చిరి. తుదకు 1908లో రాచకమీషను ఏర్పడి, మరుసటి ఏట ఆ ధాన్యసారమును కూడ విస్కీ యనవచ్చునని తేల్చినది. నేటి చట్టము ప్రకారము స్కాచి మూడేండ్లకు తక్కువగాక ఓకు చెక్క పీపాలో ముదురవలెను. నూటికి 40 పాళ్లకు తగ్గకుండ ఆల్కహాలు ఉండవలెను.

అమెరికాలోను సరిగా అదే తగవు నడచినది. కెంటకీ ప్రాంతమున స్థిరపడినవారికి మొక్కజొన్న సమృద్ధిగా దొరకెను. వారి విస్కీ దానితోనే పుట్టినది. కల్తీలు పెరుగగా 1897లో సర్కారు గోదాములలో ముదిరిన సరుకునకు ముద్ర వేయు చట్టము వచ్చినది. 1909లో అధ్యక్షుడు టాఫ్ట్ స్వయముగా తీర్పు చెప్పి, విస్కీ యనునది ధాన్యమునుండి తీసిన సారమేనని నిర్ణయించెను. 1964లో అమెరికా కాంగ్రెసు బూర్బనును తమ దేశపు ప్రత్యేక వస్తువుగా తీర్మానించినది. బూర్బనులో ధాన్యము నూటికి 51 పాళ్లకు తగ్గకుండ మొక్కజొన్నయే కావలెను. లోపలివైపు కాల్చి బొగ్గు చేసిన క్రొత్త ఓకు పీపాలో ముదురవలెను. రంగు గాని వాసన గాని పైనుండి కలుపరాదు. కాలిన చెక్కనుండియే ఎర్రని రంగును, మాడిన బెల్లము వంటి తీపివాసనయు దానికి కలుగును. ఒకమారు వాడిన ఆ పీపాలే స్కాట్లండునకు పోయి అక్కడి విస్కీని ముదిరించును. కావున మేనల్లునికిని బావగారికిని తగవేల? ఒకరి పాతపీపా మరొకరి క్రొత్తసరుకు. బార్లీయైనను మొక్కజొన్నయైనను రెండును పైష్టియే.

ఇక చిన్నాన్నగారి సంగతి. ఆంగ్లేయులు తెచ్చిన అలవాటు వారు పోయిన పిమ్మట మన దేశమున ఇంకను బలిసినది. కాని తిండిగింజలు చాలని దేశములో ధాన్యమును సారాకు తగులబెట్టుట ఎట్లు? చెరకు మిల్లులలో చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ అను మడ్డి చవుకగా దొరకెను. దానిని పులియబెట్టి, కాచి, వాసనలేని శుద్ధసారము తీసి, కాల్చిన చక్కెర రంగును వాసనద్రవ్యములను చేర్చి ‘విస్కీ’ యను లేబులు అంటించిరి. మన దేశపు చట్టము దీనిని అనుమతించుచున్నది. ఐరోపాలో మాత్రము ధాన్యముతో చేసి మూడేండ్లు ముదిరింపనిది ఆ పేరుతో అమ్ముటకు వీలు లేదు. ఖరీదైన మన సరుకులలో ధాన్యసారమును, దిగుమతియైన స్కాచి మాల్టును కొంత కలుపుదురు. చవుక సరుకులలో మడ్డిసారమే ఎక్కువ. సీసాపై 42.8 పాళ్లు అని అచ్చువేయుదురు. పాత ఆంగ్ల కొలత ప్రకారము అది 75 డిగ్రీల ప్రూఫు. మనువు లెక్కలో ఇది పైష్టి పేరు పెట్టుకొన్న గౌడి. శివకాశి అచ్చుకూటముల నడుమ పెరిగిన మనకు, లేబులు వేరు, లోని వస్తువు వేరు అని ఒకరు చెప్పవలెనా?

మన దేశమున అసలు పైష్టి లేకపోలేదు. 1948లో బెంగుళూరున స్థాపితమైన అమృత్ సంస్థ బార్లీ మాల్టుతో చేసిన విస్కీని 2004లో స్కాట్లండులోని గ్లాస్గో నగరముననే విడుదల చేసినది. స్కాట్లండు చలిలో పీపానుండి ఏటికి నూటికి సుమారు రెండు పాళ్లు ఆవిరియగును. బెంగుళూరు వేడిమికి అంతకు అనేక రెట్లు హరించును. అందుచే ఇచ్చట మూడునాలుగేండ్లకే సరుకు ముదురును. కాని దాని వెల సామాన్యునికి అందదు. విదేశపు సరుకుపై చిరకాలము నూటికి 150 వంతున సుంకముండెను. 2025 ఫిబ్రవరిలో బూర్బనుపై అది 100కు తగ్గినది. అదే సంవత్సరము జూలైలో బ్రిటనుతో సంతకమైన ఒప్పందము ప్రకారము స్కాచిపై మొదట 75కును, పదేండ్లకు 40కిని తగ్గవలసియున్నది.

ఈ చరిత్రలో మన సీమకు మరియొక పాఠము గలదు. 1937లో రాజాజీ సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించెను. 1938లో తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు అది వ్యాపించినది. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చినది. 1948 నాటికి రాష్ట్రమంతయు నిషేధమయ్యెను. విరుదునగరపు బిడ్డయైన కామరాజుగారు 1954 మొదలు 1963 వరకు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు అది చెక్కుచెదరలేదు. ఆంధ్రరాష్ట్రములోనో, 1954లో ప్రకాశంగారి ప్రభుత్వము నిషేధపు చర్చపైననే ఒక్క వోటుతో కూలినది. 1971లో తమిళనాట నిషేధము సడలినది. 1974లో మరల వచ్చి, 1981లో మరల సడలినది. 1983లో ఏర్పడిన టాస్మాక్ సంస్థ 2003 మొదలు చిల్లర దుకాణములను తానే నడపుచున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన ఉద్యమము ఫలితముగా ఆంధ్రమున 1993లో సారాయి రద్దయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది.

ఇందులో ఒక విడ్డూరమును గమనింపుడు. తమిళనాట 1987 మొదలు కల్లు గీయరాదు. తాటిచెట్టు ఈ రాష్ట్రపు రాజవృక్షము. మన పొలిమేరలనిండ తాళ్లు నిలిచియున్నవి. ముంతలోపల సున్నము పూసి దింపిన పదనీరు త్రాగవచ్చును, దానిని కాచి తాటిబెల్లము చేయవచ్చును. సున్నము లేక పులిసినచో నేరము. నూటికి అయిదారు పాళ్ల ఆల్కహాలుండెడి కల్లు నేరస్థానమున నిలువగా, దానికి ఏడెనిమిది రెట్లు తీక్ష్ణమైన మడ్డిసారము విదేశపు పేరుతో సర్కారు దుకాణమున అమ్ముడగుచున్నది. కల్లు మంచిదని మేమనుట లేదు. గీతవృత్తివారి కూడు ఒక పేరుతో పోయి, మరొక పేరుతో అంతకంటె గట్టిది వచ్చినదని మాత్రము చెప్పుచున్నాము. ఇక పేరే లేని సారాయి సంగతి చెప్పనక్కరలేదు. 2024 జూనులో కళ్ళకురిచ్చిలో మిథనాలు కలిసిన సారా త్రాగి అరువదిమందికి పైగా ప్రాణములు విడిచిరి.

అగ్గిపెట్టెల కర్మాగారములలో దినకూలికి పనిచేయువాడు సాయంకాలము కూలిలో పెద్దవంతును ఒక పేరునకు ధారపోయుచున్నాడు. ఆ కూలికై ఇంట ఎదురుచూచునది అతని భార్య. స్కాచి మేలా, బూర్బన్ మేలా యను చర్చ అతనికి చేరదు. చేరినను ప్రయోజనము లేదు. ఇంగ్లండువారును అమెరికావారును 1909లోనే, పేరునకు తగిన వస్తువు ఉండితీరవలెనని పట్టుబట్టిరి. మన దేశములో ఆ ప్రశ్న ఇంకను గట్టిగా అడుగువారు లేరు. సీసాపై మూలపదార్థము పేరు, ముదిరిన ఏండ్ల లెక్క పెద్ద అక్షరములతో, అతడు చదువగల భాషలో అచ్చువేయించినచో, త్రాగువాడు త్రాగుట మానకపోవచ్చును. కాని దేనికి డబ్బిచ్చుచున్నాడో తెలిసికొనును. తెలిసికొన్నవాడు కొందరైనను మానుదురని మా నమ్మకము.