ఉత్తరాంధ్ర ఏజెన్సీలో తిరుగుబాటు నిరోధక చర్యలు

తిరుగుబాటు నిరోధక చర్యలు అనగా ప్రభుత్వంపై ఆయుధాలు పట్టిన దళాలను అణచుటకు, ఆ ప్రాంతంలో పరిపాలనను తిరిగి నెలకొల్పుటకు చేపట్టే పోలీసు, సైనిక మరియు పౌర చర్యలు. బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ పట్టణాలకు ఎగువన ఉన్న కొండ ప్రాంతం దాదాపు రెండు శతాబ్దాలుగా ఇటువంటి చర్యలను చూసింది. ఇక్కడ బలప్రయోగం జరిగిన ప్రతిసారీ దాని వెంట ఒక కొత్త చట్టమో, కొత్త పరిపాలనా పద్ధతో వచ్చింది. అయితే చట్టం రావడం వేరు, అమలు కావడం వేరు.

బ్రిటిషు కాలం

పాలకొండ, పర్లాకిమిడి జమీందారీలలో చెలరేగిన అల్లర్లను అణచుటకు 1832లో మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. పాలకొండ జమీందారీని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. మైదానపు చట్టాలు కొండలకు సరిపడవని రస్సెల్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1839లో 24వ చట్టం వచ్చింది. దీని ప్రకారం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలలో కలెక్టరు గవర్నరుకు ఏజెంటుగా వ్యవహరించేవాడు. నేటికీ వాడుకలో ఉన్న "ఏజెన్సీ" అనే మాట ఇలా పుట్టినదే.

అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922-24లో జరిగిన మన్యం తిరుగుబాటు శిక్షణకు సంబంధించిన పాఠం నేర్పింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతులయ్యారు. మైదానపు పోలీసులు అడవిలో నిలువలేరని తేలిన పిమ్మట మలబారు ప్రత్యేక పోలీసులను, అటుపై కొండ యుద్ధంలో ఆరితేరిన అస్సాం రైఫిల్స్‌ను రప్పించారు. 1924 మే 7న రాజు మరణంతో ఆ పోరాటం ముగింపు దశకు చేరింది.

శ్రీకాకుళ గిరిజన పోరాటం

1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘ మహాసభకు వెళుతున్న ఇద్దరు గిరిజనులను లేవిడి వద్ద భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. మరుసటి సంవత్సరం నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. న్యాయస్థానంపై ఆశ సన్నగిల్లిన తరువాత, 1968 నవంబరులో పెదగొట్టిలి దాడితో సాయుధ పోరాటం మొదలైంది. నాయకులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. ఏజెన్సీలోనే ఉంటూ గిరిజనుల మధ్య పనిచేసిన వీరికి ఆ ప్రాంతంలో ఉన్నంత పరిచయం పోలీసులకు లేదు. ఆనాడు బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది.

1969లో ప్రభుత్వం ఇక్కడి ఏజెన్సీ గ్రామాలను కల్లోలిత ప్రాంతంగా ప్రకటించి, రాష్ట్ర సాయుధ పోలీసులతో పాటు కేంద్ర రిజర్వు పోలీసు దళాలను దింపింది. 1970 జులై 10న బోరి కొండలలో సత్యం, కైలాసం మరణించారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పగా, పట్టుకొని చంపారని పోరాట సానుభూతిపరులు ఆరోపించారు. మిగిలిన వారిపై పార్వతీపురం కుట్ర కేసు నడిచింది.

అదే సంవత్సరం భూబదలాయింపు నిబంధనలను కఠినతరం చేసిన 1/70 చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండి వచ్చినదిగానే ఈ చట్టం భావిస్తుంది. కాదని నిరూపించవలసిన భారం ఆ గిరిజనేతరునిదే. ఇటువంటి బదలాయింపులపై ఆంక్షలు 1917 నుండే ఉన్నాయి. అవి సక్రమంగా అమలై ఉంటే లేవిడి ఘటనకు దారితీసిన భూమి తగాదాలు అంత ముదిరేవి కావు.

గ్రేహౌండ్స్ శిక్షణ

శాంతిభద్రతలు రాష్ట్రాల బాధ్యత కనుక ఆంధ్రప్రదేశ్ సైన్యం మీద ఆధారపడక, 1989లో ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్.వ్యాస్ ఆధ్వర్యంలో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళాన్ని నెలకొల్పింది. (వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు.) ఆరోగ్యవంతులైన యువ పోలీసులను ఎంపిక చేసి, కొంతకాలం పనిచేయించి తిరిగి వారి విభాగాలకు పంపుట ఇందలి పద్ధతి. మందుపాతరల భయం వలన వాహనాలను విడిచి, తిండి, నీరు తామే మోసుకొని, చిన్న జట్లుగా రాత్రివేళ నడచుట శిక్షణలో ముఖ్యాంశం. దళం ఎంత నేర్పు గలదైనా సమాచారం లేనిదే గుడ్డిదే. ఆ సమాచారాన్ని ప్రత్యేక నిఘా విభాగం అందిస్తుంది. మలయాలో 1948 తరువాత బ్రిటిషువారు అనుసరించిన పద్ధతితో దీనికి పోలిక ఉంది.

నేర్చిన నియమాన్ని తప్పితే ఏమగునో బలిమెల చూపింది. 2008 జూన్ 29న ఒడిషాలోని ఆ జలాశయంలో ఒకే పడవలో ప్రయాణిస్తున్న బలగాలపై మావోయిస్టులు కొండల పైనుండి దాడి చేయగా 38 మంది మరణించారు. వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ వారే.

వివాదాలు

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం జరిపారని 11 మంది కోందు తెగ మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం 13 మంది నిందితులను విడుదల చేసింది. దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపుతూ, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

ఎన్‌కౌంటరు మృతిపై హత్య కేసు నమోదు చేయవలసిందేనని 2009లో రాష్ట్ర హైకోర్టు ఇచ్చిన తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2014లో మరొక కేసులో, ప్రతి ఎన్‌కౌంటరు మృతిపై స్వతంత్ర దర్యాప్తు జరగాలని సుప్రీంకోర్టే మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 అక్టోబరులో ఆంధ్రా-ఒడిషా సరిహద్దున రామగూడలో ముప్పై మంది వరకు మరణించినపుడు, వారిలో నిరాయుధులైన గిరిజనులు ఉన్నారని పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. రెండేళ్ళకు, 2018 సెప్టెంబరు 23న, శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు వద్ద కాల్చి చంపారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత హైదరాబాదులోని గ్రేహౌండ్స్ కేంద్రం తెలంగాణకు దక్కింది.