నడక, నడత, నడవడి: ఒక మాట చరిత్ర

తెలుగువారి నిత్యవ్యవహారంలో "నడచు" అన్న క్రియకు ఉన్న విస్తృతి గమనింపదగినది. పసిబిడ్డ నడుస్తుంది. గడియారం నడుస్తుంది. బడి నడుస్తుంది, కోర్టులో వ్యాజ్యం నడుస్తుంది, చాలీచాలని రాబడితో సంసారం నడుస్తుంది. ఊరిలో పెద్దమనిషి మాట నడుస్తుంది. చెల్లని నాణెం నడవదు. ఈ ప్రయోగాలలో మొదటిదానికి తప్ప మరి దేనికీ కాళ్ళతో సంబంధం లేదు. అయినా వినేవారికి ఎక్కడా సందేహం కలుగదు. రెండు పాదాలను ఒకదాని ముందొకటి వేయడం అనే సామాన్యమైన పనిని తెలిపే మాట కాలానికి, వ్యవస్థకు, ధర్మానికి వర్తించే మాటగా ఎలా ఎదిగిందన్నది భాషాచరిత్రకే గాక సంఘచరిత్రకు కూడా సంబంధించిన ప్రశ్న.

ఈ మాట తెలుగుకు మాత్రమే పరిమితమైనది కాదు. తమిళంలో "నడ", మలయాళంలో "నడక్కుక", కన్నడంలో "నడె", తుళులో "నడపుని" అన్నవి దీని సోదరరూపాలు. తమిళ, మలయాళ లిపులలో దీనిని ట-కారంతో వ్రాసినా, అచ్చుల నడుమ ఆ అక్షరాన్ని డ-కారంగానే పలుకుతారు. బరో, ఎమెనో అనే పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి కోశం ఈ రూపాలన్నింటినీ ఒకే మూలం కిందకు చేర్చింది. తెలుగు ఈ మూలానికి "చు" చేర్చుకొని "నడచు" అన్నది. "క" చేర్చి "నడక" అన్నది. "త" చేర్చి "నడత" అన్నది. ఇతరులను నడిచేటట్లు చేయడం "నడుపు" అయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నడుము, నడుమ, నడిరేయి, నడివీధి వంటి మాటలు వినడానికి దీనికి దగ్గరగా ఉన్నా, అవి "మధ్య" అనే అర్థమిచ్చే "నడు" అన్న వేరొక మూలానికి చెందినవి. "నడమంత్రపు సిరి" కూడా ఆ కోవలోనిదే. అది నడిచి వచ్చిన సిరి కాదు, నడుమ వచ్చిన సిరి. ధ్వనిసామ్యాన్ని నమ్మి ఈ రెండు కుటుంబాలను కలిపివేస్తే వ్యుత్పత్తి ఊహాగానంగా మిగిలిపోతుంది.

సోదరభాషలలో ఈ మాట పొందిన అర్థాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం స్పష్టమవుతుంది. తెలుగులో నడత, నడవడి, నడవడిక అన్నవి మనిషి శీలాన్ని తెలుపుతాయి. తమిళంలో "నడత్తై", కన్నడంలో "నడతె", "నడవళికె" అదే పని చేస్తాయి. కన్నడిగులు మనిషిని తూచడానికి "నడె-నుడి" అన్న జంటపదాన్ని వాడుతారు: నడె అంటే నడత, నుడి అంటే మాట. ఈ రెండూ ఒకటిగా ఉండాలన్నది పన్నెండవ శతాబ్దిలో బసవేశ్వరుడు మొదలైన శరణులు తమ వచనాలలో నొక్కిచెప్పిన విషయం. ఇన్ని సోదరభాషలలోనూ నడక నుండి నడవడి పుట్టడాన్ని బట్టి, ఇది ఏదో ఒక భాషలో యాదృచ్ఛికంగా కలిగిన అర్థవిస్తరణ కాదని భావించవచ్చు. దారి తప్పడం, పెడదారి పట్టడం, పెద్దల అడుగుజాడలలో నడవడం అన్న నుడికారాలన్నీ ఈ భావన చుట్టూ అల్లుకున్నవే.

శీలం నుండి పరిపాలనకు కూడా ఈ మాట నడిచింది. మలయాళంలో "నడపడి" అంటే తీసుకునే చర్య. తమిళంలో "నడవడిక్కై" అదే అర్థంలో పత్రికలలో నిత్యం కనబడుతుంది. కర్ణాటక ప్రభుత్వపు ఉత్తర్వులకు "నడావళి" అన్న శీర్షిక ఉంటుంది. క్రైస్తవుల కొత్త నిబంధనలో తెలుగువారు "అపొస్తలుల కార్యములు" అని పిలిచే గ్రంథం, తమిళ బైబిలులో "అప్పోస్తలరుడైయ నడపడికళ్" అన్న పేరుతో ఉంది. ఒక చోట కార్యం, మరొక చోట నడక. మనిషి చేసినదంతా అతడు నడిచినదేనన్న తలపు ఆ అనువాదంలో సహజంగా ఇమిడిపోయింది.

కళలలోనూ, కట్టడాలలోనూ ఈ మాటకు చోటున్నది. తమిళులు గద్యాన్ని "ఉరైనడై" అంటారు. "ఉరై" అంటే పలుకు, "నడై" అంటే నడక. రచయిత శైలిని గూర్చి తెలుగువారు కూడా "ఆయన వాక్యం నడక" అని అంటారు. కర్ణాటక సంగీతంలో తాళపు అక్షరకాలాన్ని మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది మాత్రలుగా విభజించే పద్ధతికి "గతి" అనీ, "నడ" అనీ పేర్లున్నాయి. తిస్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ భేదాలు ఇవే. పాత ఇళ్ళలో వీధి గుమ్మం నుండి లోపలికి నడిపించే భాగం "నడవ". మెట్ల మీదుగా నీటిమట్టం దాకా నడిచి దిగే బావి "నడబావి". కంచి సమీపంలోని అయ్యంగార్‌కుళంలో ఇటువంటి బావికి "నడవావి" అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. చైత్ర పౌర్ణమి ఉత్సవానికి వరదరాజస్వామి అక్కడికి వేంచేస్తాడు.

ఈ భావన ద్రావిడభాషలకే ప్రత్యేకమా అన్న ప్రశ్నకు సంస్కృతం సమాధానమిస్తుంది. తిరుగు, సంచరించు అన్న అర్థాలు గల "చర" ధాతువు నుండి సంచారం, ప్రచారం, విచారం, ఆచారం అన్న మాటలు పుట్టాయి. ఆచారం నడవడికి సంస్కృతరూపం వంటిది. అంతకంటె విశేషమైనది "చరిత్ర" అన్న శబ్దం. ఋగ్వేదంలో దీనికి పాదం, కాలు అన్న అర్థముంది. ప్రథమ మండలంలోని ఒక సూక్తంలో విశ్పల అనే స్త్రీ యుద్ధంలో కాలు కోల్పోగా, అశ్వినీ దేవతలు ఆమెకు లోహపు జంఘను అమర్చినట్లు ప్రస్తావన ఉంది. అక్కడ తెగిన ఆ కాలిని తెలపడానికి వాడిన మాట "చరిత్ర". నడవడానికి సాధనమైనది చరిత్ర. తరువాత నడవడి చరిత్ర. క్రమంగా తెలుగు మొదలైన భాషలలో గడచిన కాలపు వృత్తాంతమంతా చరిత్ర. ఉత్తరాదిన హిందీలో "చాల్" అంటే నడక, "చాల్-చలన్" అంటే నడవడి. పారసీకం నుండి ఉర్దూకు వచ్చిన "రవిష్" కూడా నడిచే తీరును, ప్రవర్తనను కలిపే చెబుతుంది. వేరువేరు కుటుంబాలకు చెందిన భాషలు ఒకే దారిని ఎన్నుకున్నాయన్నమాట.

అయితే నడకకు నడవడితో ఉన్న ఈ బంధాన్ని ఉపఖండపు సంఘం ఎల్లప్పుడూ ఒకే విధంగా గౌరవించలేదు. అందుకు సాక్ష్యం మలయాళంలోని "నడ" శబ్దమే. ఆ భాషలో నడ అంటే నడక మాత్రమే కాదు. దేవాలయపు ముంగిలి, గుడి వాకిలి, గుడికి చేర్చే వీధి కూడా. కేరళ ఆలయాలకు "కిళక్కే నడ" అంటే తూర్పు వాకిలి, "పడింఞారే నడ" అంటే పడమటి వాకిలి ఉంటాయి. శబరిమలకు వెళ్ళే తెలుగు భక్తులకు "నడ తెరిచారు", "నడ మూశారు" అన్న మాటలు పరిచితమే. నడిచి చేరే చోటికి నడ అని పేరు పెట్టడంలో వింత లేదు. కాని తరతరాలుగా ఆ చుట్టుపక్కల వీధులలో నడిచే హక్కు జనంలో పెద్ద భాగానికి లేకుండా పోయింది.

తిరువాంకూరు సంస్థానంలోని వైకం మహాదేవాలయం చుట్టూ ఉన్న వీధులలోకి అవర్ణులుగా పిలువబడినవారు రాకూడదని హెచ్చరించే పలకలు ఉండేవి. వివాదం గుడిలో ప్రవేశాన్ని గురించి కాదు, గుడి పక్కన వీధిలో నడకను గురించి. ఈ సమస్యను జాతీయ వేదిక మీదకు తీసుకురావడంలో తెలుగుగడ్డకూ పాత్ర ఉంది. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభకు టి.కె. మాధవన్ హాజరై, అస్పృశ్యతా నివారణను కాంగ్రెసు కార్యక్రమంగా చేపట్టాలని పట్టుబట్టారు. 1924 మార్చి 30న వైకం సత్యాగ్రహం ఆరంభమైంది. తొలినాడు కుంఞాప్పి, బాహులేయన్, గోవింద పణిక్కర్ అనే ముగ్గురు నిషేధపు పలకను దాటడానికి ముందుకు నడిచి అరెస్టయ్యారు. వారు వరుసగా పులయ, ఈళవ, నాయర్ కులాలకు చెందినవారు. తమిళనాడు నుండి ఇ.వి. రామసామి వచ్చి ఉద్యమానికి అండగా నిలిచి జైలుకు వెళ్ళారు.

ఆ సంవత్సరం నవంబరులో మన్నత్తు పద్మనాభన్ నాయకత్వాన సవర్ణుల బృందమొకటి వైకం నుండి తిరువనంతపురానికి కాలినడకన బయలుదేరింది. వీధులను అందరికీ తెరవాలని కోరే విజ్ఞాపనను సంస్థానపు రీజెంటు మహారాణికి సమర్పించడం ఆ యాత్ర ఉద్దేశం. తోటివారికి లేని హక్కు కోసం, ఆ హక్కు ఉన్నవారు నడవడం అందులోని విశేషం. 1925 ఫిబ్రవరిలో శాసనమండలిలో ఆ తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. మార్చిలో గాంధీజీ వైకం వచ్చి సంప్రదింపులు జరిపారు. నవంబరులో సత్యాగ్రహం ముగిసేనాటికి తూర్పువైపు తప్ప తక్కిన వీధులు అందరికీ తెరుచుకున్నాయి. గుడి తలుపులు తెరుచుకోవడానికి 1936 నవంబరు 12 నాటి ఆలయప్రవేశ ప్రకటన దాకా వేచి ఉండవలసి వచ్చింది.

వైకంలో హక్కుగా కోరిన నడక దండి యాత్రలో ఆయుధమైంది. 1930 మార్చి 12న సబర్మతి నుండి బయలుదేరిన గాంధీజీ సుమారు 385 కిలోమీటర్లు నడిచి, ఏప్రిల్ 6న ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. స్వాతంత్ర్యానంతరం వినోబా భావే తెలంగాణ పల్లెలలో కాలినడకన తిరుగుతూ 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి చేరారు. అక్కడి హరిజనులు సాగుభూమి కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇవ్వడానికి ముందుకు వచ్చారు. భూదానోద్యమం ఆ విధంగా మొదలైంది. ఆ తరువాత "పాదయాత్ర" అన్న మాట ప్రజాజీవితంలో స్థిరపడింది. ఈనాటికీ ప్రజల విశ్వాసాన్ని కోరే నాయకుడు వాహనం దిగి నడవడానికే సిద్ధపడతాడు. నడకను చూసి నడవడిని అంచనా వేయవచ్చునన్న పాత నమ్మకం జనంలో ఇంకా సజీవంగా ఉండడమే దానికి కారణం కావచ్చు.

నడక నుండి నడవడి పుట్టిందని భాష చెబుతున్నది. నడవడిని మనిషి నుండి కోరే సంఘం, అతడికి నడిచే దారిని నిరాకరించడం ఎంతటి వైరుధ్యమో వైకం వీధులు చెబుతున్నాయి. ఒకే మాటలో ఇమిడిన ఈ రెండు అర్థాలను ఆ వీధులలోని నిషేధపు పలక విడదీసింది. దాని ముందుకు నడిచినవారు వాటిని తిరిగి ఒకచోటికి చేర్చారు.