గజ్జెల కింద నేల

పిల్లల డాన్స్ ప్రోగ్రాం అంటే డ్రెస్సు కుట్టించడం, నగలు, మేకప్, హాలు బుకింగ్... అన్నీ ఆరు నెలల ముందే మొదలుపెడతాం కదా! పిల్ల ఏ నేల మీద ఆడుతుందో మాత్రం ఆ రోజు పొద్దుటిదాకా అడగం. కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం రండి.

కృష్ణా జిల్లా కూచిపూడి భాగవతులు ఊరి మధ్య, గుడి ముందు, మట్టి నేల మీద దివిటీల వెలుగులో రాత్రంతా ఆడేవారు. మట్టి కాలి దెబ్బని కొంత తనలోకి తీసుకుంటుంది. సింహనందిని అనే నృత్యంలోనైతే ముగ్గుపొడి మీద పాదాలతోనే సింహం బొమ్మ వేస్తారు. అంటే నేల కూడా ఆటలో భాగమే. అప్పట్లో ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటి గురువులు ఆడపిల్లలకీ నేర్పారు. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు.

అమెరికాలో 1965 వలస చట్టం తర్వాత మనవాళ్ళు ఎక్కువగా వచ్చారు. 1977లో తానా మొదటి మహాసభ జరిగింది. 2008లో సిలికానాంధ్ర కూపర్టినోలో అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనం పెట్టింది. ఆట పెరిగింది గానీ, ఆడే చోటు చాలాసార్లు హోటల్ బాల్‌రూమ్ కార్పెట్టో, గుడి హాలు టైల్సో, స్కూల్ జిమ్మో అయింది. టైల్స్ కింద ఉండేది కాంక్రీటు. అది ఏమాత్రం లొంగదు. రోజూ దాని మీద అడుగులు కొడితే దెబ్బంతా పిల్లల మోకాళ్ళకీ, పిక్క ఎముకకీ వెళ్తుంది.

మరి ఏం అద్దెకి తీసుకోవాలి? కార్పెట్ మీద అయితే మూడు, నాలుగు అడుగుల చెక్క పలకల్ని ఒకదానికొకటి బిగించి పరుస్తారు. అతుకులు ఎత్తుపల్లాలు లేకుండా ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. కాలివేలు తగిలేది అక్కడే. మార్లే అనేది చుట్టగా చుట్టుకునే వినైల్. ఆ పేరు ఒక ఇంగ్లండు కంపెనీది. ఉత్తికాళ్ళకి మంచి పట్టు ఇస్తుంది, కానీ అది పై తొడుగు మాత్రమే. కాంక్రీటు మీద ఒట్టి మార్లే పరిస్తే మోకాళ్ళకి ఒరిగేదేమీ లేదు. కింద రబ్బరు దిమ్మలో, ఫోమో ఉన్న స్ప్రంగ్ పలకలే అన్నిటికన్నా మేలు. ఖరీదు ఎక్కువే, కాబట్టి రెండు మూడు డాన్స్ స్కూళ్ళు కలిసి కొనుక్కుంటే సరి. పిల్లలు ఆడుకునే ఫోమ్ మ్యాట్లు మాత్రం వద్దు, మడమ మెలిక పడుతుంది.

తరంగం ఉంటే ఇత్తడి పళ్ళెం తీసుకెళ్ళి ముందురోజే ఆడించి చూడండి. పళ్ళెం ఊగినా, జారినా అక్కడే తెలిసిపోతుంది. వినైల్ మీద గీతలు పడితే ఎవరు కట్టాలో కూడా ముందే మాట్లాడుకోండి.

ఈసారి హాలు వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు అద్దె ఎంత అని అడిగాక, "స్టేజి కింద ఏముంది?" అని కూడా అడగండి. డెకరేషన్‌లో కొంచెం తగ్గించుకున్నా ఫర్వాలేదు, ఆ డబ్బు నేలకి పెట్టండి.